వెచ్చటి కోట్లు

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది. హాజరు పలికేటప్పుడు తప్ప అది ఎవరి నోటా రాదు. ఫ్యాక్టరీలో గేటు దగ్గర్నుంచి గిడ్డంగి దాకా అందరికీ ఆమె పిల్లి. కాలుగాలిన పిల్లికి అది ముద్దుపేరు. మొదట్లో వెనకాల అనుకునేవారు, తర్వాత మొహం మీదే అనేశారు, చివరికి ఆమే ఫోనెత్తి "నేను, పిల్లిని" అనేదాకా వచ్చింది. ఏ పేరైనా నాలుగు రోజులు మోస్తే ఒంటికి అతుక్కుపోతుంది మరి.

ఆ పేరులో అబద్ధమేమీ లేదు. కుర్చీలో కూర్చుంటే చాలు, కుడికాలు దానంతటది ఊగుతుంది. తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్లి, వెనక్కొచ్చి తాళం లాగి చూస్తుంది. ఆర్పిన పొయ్యిని ఇంకోసారి ఆర్పుతుంది. తింటూ తింటూ లేచి కుళాయి కట్టడానికి వెళ్తుంది, తీరా చూస్తే కుళాయి కట్టేసే ఉంటుంది. సినిమాకు తీసుకెళ్తే పెళ్లాం మోకాలి ఊపుకి సీట్ల వరుసంతా కదిలేదని మొగుడు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు. అత్తగారు ఉన్నన్నాళ్లూ "కూర్చుని కాళ్లూపితే కొంప గుల్లవుతుందే" అని తిడుతూనే ఉండేది. ఒకసారి డాక్టరుకూ చూపించారు. ఆయన రక్తం తీయించి, అటూ ఇటూ తిప్పి చూసి, "జబ్బేం లేదమ్మా, కాస్త ప్రశాంతంగా ఉండండి" అన్నాడు. ప్రశాంతంగా ఉండటం చేతనైతే ఆయన దాకా ఎందుకు వెళ్తుంది చెప్పండి.

ఆ కంగారును తప్పుపట్టని మనిషి ప్రపంచంలో ఒక్కతే. ఆమె వదిన, అంటే మొగుడికి అక్క. తమ్ముణ్ని పెంచి పెద్దచేసి, పెళ్లి చేసి, తను మాత్రం పెళ్లి ఊసెత్తకుండా ఆ ఇంట్లోనే ఉండిపోయిన మనిషి. నోరు పెద్దది, చేయి అంతకంటే పెద్దది. "కొందరికి కళ్లు ఎక్కువుంటాయి, కొందరికి చెవులు. మా మరదలికి కాళ్లలో ఉంది ఆ తెలివి" అని అందరి ముందూ అనేది. మరదలికి ఆ మాట ఎంత తీపో చెప్పనలవి కాదు. అందరూ ఎగతాళి చేసిన దాన్ని ఒక్కరు మెచ్చుకుంటే ఆ ఒక్కరి కోసం ప్రాణం పెట్టాలనిపిస్తుంది.

ఇద్దరిదీ ఒకే ఫ్యాక్టరీ. అక్కడ పసిపిల్లలకు పట్టే పాలపొడి తయారవుతుంది. పొడి ఉండే చోట ఇంటిబట్టలతో అడుగుపెట్టకూడదు, అందరూ తెల్లకోటు తొడుక్కోవాలి. ఆ కోట్లన్నీ ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి అందించడం వదిన పని. పిల్లి మొదట ప్యాకింగ్‌లో ఉండేది, డబ్బాలకు మూతలు పెట్టేది. మూత సరిగ్గా పడిందో లేదోనని తను పెట్టిన మూత తనే తీసి చూసుకునేది కాబట్టి అక్కడ ఆమెకు మంచిపేరు ఉందని మాత్రం చెప్పలేం.

ఇంతలో ఫ్యాక్టరీకి అల్ట్రాసౌండ్ యంత్రం వచ్చింది. కడుపులో బిడ్డను చూసే స్కానింగ్ ఉంది కదా, దానికి చెల్లెలు అనుకోండి. ఎండిన పాలపొడి గాలితో పాటు పైపులో పరిగెత్తుకుంటూ వచ్చి ఒక పెద్ద స్టీలు ట్యాంకులో పడుతుంది. ఆ ట్యాంకు మెడకు అటొకటి ఇటొకటి, బొత్తాల్లాంటి ఇనప బిళ్లలు రెండు. కింద కాస్త జెల్లీ రాసి రబ్బరు పట్టీతో బిగిస్తారు. ఒక బిళ్ల మన చెవికి ఆనని శబ్దాన్ని పంపిస్తుంది, అవతలిది అందుకుంటుంది. పొడి విడివిడిగా ఉంటే రేణువుల మధ్య గాలే ఉంటుంది, శబ్దం సగంలోనే నీరసపడిపోతుంది. పొడికి తేమ తగిలి ఉండలు కట్టడం మొదలైతే రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, శబ్దానికి దారి దొరికి గబగబా దాటేస్తుంది. అప్పుడు తెరమీద ఆకుపచ్చ గీత పైకి లేస్తుంది. అంతే సంగతి. ట్యాంకు మూత తీయకుండా, చేయి పెట్టకుండా లోపలేం జరుగుతోందో బయట కుర్చీలో కూర్చుని తెలుసుకోవచ్చు.

ఉండ కడితే ఏమవుతుందిలే అనుకోకండి. చెంచాలో ఉండ పడితే పాలు చిక్కబడతాయి, ఉండల మధ్య చెంచా సరిగ్గా నిండకపోతే పలచబడతాయి. తేమ చేరిన చోట క్రిములూ చేరతాయి. తాగేది నోరు తెరిచి ఫిర్యాదు చేయలేని పసిగుడ్డు.

తెర ముందు మొదట కూర్చున్నవాళ్లు కునికారు. కదలని గీతను ఎంతసేపని చూస్తారు పాపం. షిఫ్టు సూపర్‌వైజరు తల పట్టుకున్నాడు. ఆయన్ని అందరూ గడియారం అంటారు, ఏం చెప్పినా "ఎంతసేపు పడుతుంది" అని అడుగుతాడు కాబట్టి. వదిన ఉతికిన కోట్ల బండి తోసుకుంటూ వెళ్లి ఆయన ముందు ఆగింది. "కునికేవాళ్లను కూర్చోబెట్టి యంత్రాన్ని తిడతారేంటి బాబూ. మా మరదలిని కూర్చోబెట్టండి. దాని దగ్గరికి రావాలంటే నిద్రకే భయం" అంది. అలా దొరికింది ఆ కుర్చీ. అందులో కూర్చున్నాక పిల్లికి తన మీద తనకున్న కోపం మొదటిసారి చల్లారింది. కాలు ఊగుతూనే ఉండేది. కానీ ఇప్పుడు ఆ ఊపుకొక పని ఉంది, దానికి జీతం కూడా ఇస్తున్నారు.

ముసురు పట్టిన రోజుల్లో వచ్చింది చిక్కు. పొద్దున్నే బుద్ధిగా పడుకున్న గీత, టీ వేళ దాటగానే మెల్లగా తల ఎత్తడం మొదలుపెట్టింది. పిల్లి లేచి బిళ్లలు చూసింది, జెల్లీ చూసింది, పట్టీ బిగించి చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. ఎర్ర బొత్తం నొక్కింది. లైనంతా ఆగింది. గడియారం పరుగున వచ్చి, మూత తెరిపించి, పొడుగు గరిటెతో పొడిని కెలికాడు. పొడి దూదిలా జారింది.

"ఏదమ్మా నీ ఉండ?"

ట్యాంకు గోడవార చిన్న గులకరాయంత ఉండ ఒకటి ఉందని, గరిటె తగలగానే రాలిపోయిందని పిల్లి చెప్పింది. "తగిలితే రాలిపోయేది ఉండెలా అవుతుంది" అన్నాడాయన. నిజానికి అసలు ప్రమాదం ఆ మెత్తటి ఉండల్లోనే ఉంది. ఇవాళ రాలిపోయేవి డబ్బాలో పడి నాలుగు వారాలు కూర్చుంటే గట్టిపడతాయి. కానీ కంటికి కనిపించనిదాన్ని పని ఆగిపోయిన మనుషుల చేత నమ్మించడం ఎవరి తరం.

రెండోసారి కూడా అంతే అయింది. అప్పుడు గడియారం గొంతు పెంచలేదు, అది ఇంకా భయంగా ఉంది. "చూడమ్మా, ఇంకోసారి ఉత్తుత్తికే ఆపావంటే మళ్లీ మూతల దగ్గరికే. అక్కడ నీ కాలు ఎంత ఊగినా నాకు నష్టం లేదు" అన్నాడు. ప్యాకింగ్ వాళ్లు "పిల్లికి ఎలుక కలలోకొచ్చింది" అని నవ్వుకున్నారు.

ఆమెకు నవ్వు రాలేదు. అవమానం కూడా కాదు, భయం వేసింది. మూతలు పెట్టడం ఆమెకు కొత్తేమీ కాదు, చేసుకుంటుంది. కానీ ఆ కుర్చీ పోతే అత్తగారన్నదే నిజమైపోతుంది. కంగారులో తెలివీ లేదు, పాడూ లేదు, వట్టి దురలవాటేనని తేలిపోతుంది. కళ్ల ముందు గీత లేస్తోందా, తన కాలి ఊపుకి కళ్లే లేచిపడుతున్నాయా అని తనమీద తనకే అనుమానం మొదలైంది. ఇంట్లో తాళం ఇదివరకు రెండుసార్లు లాగి చూసేది, ఇప్పుడు లెక్క తప్పింది.

"తిండి సరిగ్గా తినడం లేదేంటే" అంది వదిన. విషయం చెప్పింది పిల్లి. "ఆ గడియారానికి ముల్లు తిరగడం తప్ప ఏం తెలుసు. నీకు అనిపించిందంటే ఉన్నట్టే. వెతుకు" అంది వదిన. వెతకమన్నది ఆమేనని గుర్తుపెట్టుకోండి.

మర్నాడు భోజనం వేళ పిల్లి అన్నం డబ్బా తెరవలేదు. ట్యాంకు దగ్గర మొదలుపెట్టి, పైపు మీద అరచేయి ఆనించి, పొడి వచ్చే దారికి ఎదురు నడిచింది. ఎక్కడైనా అతుకు ఊడి బయటి చెమ్మ లోపలికి పోతోందేమో అని. అతుకులన్నీ గట్టిగా ఉన్నాయి. మూల తిరిగింది, మెట్లు దిగింది. పైపు మొదలు దగ్గర గాలిగది ఉంది. బయటి గాలిని ఒక యంత్రం ముందే ఆరబెట్టి ఆ గదిలోకి వదులుతుంది. అక్కడి నుంచి పెద్ద ఫ్యాను దాన్ని పైపులోకి తోస్తుంది. ఫ్యాక్టరీ మొత్తంలో వెచ్చగా, పొడిగా ఉండే చోటు అదొక్కటే. తలుపు ఓరగా వేసి ఉంది. తోసి చూసింది.

గదికి అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడు నిండా తెల్లకోట్లు. ఫ్యాను గాలికి చేతులు ఉబ్బి, లోపల మనుషులున్నట్టే ఊగుతున్నాయి. ముట్టుకుంటే తడి, టీ వేళకే ఆరేసినట్టున్నాయి. ఆ తడంతా గాలిలో కలిసి, ఫ్యానులో పడి, నేరుగా పాలపొడిలోకి పోతోంది. పిల్లి గుండె ఒక్కసారి తేలికపడింది. తనకు పిచ్చిలేదు. గీత అబద్ధమాడలేదు. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. కట్టిన తాడు నీలం తాడు. వాన మొదలైన కొత్తలో వాళ్ల ఇంటి డాబా మీద నుంచి మాయమైన తాడు. చివర ఆ మెలిక ముడి వేసేది ఈ భూమ్మీద ఒక్క మనిషే.

బట్టల గదిలో ఆరబెట్టే యంత్రం చెడిపోయి చాలా కాలమైంది. బాగుచేయించమని వదిన అడగని రోజు లేదు, చేయిస్తామని వాళ్లు అనని రోజూ లేదు. ముసురులో కోట్లు ఆరక అందరూ వదిన మీద విసుక్కున్నారు. తర్వాత హఠాత్తుగా కోట్లు ఇస్త్రీ చేసినంత వెచ్చగా రావడం మొదలైంది. చలిపొద్దున అది తొడుక్కుంటే అమ్మ ఒడిలో కూర్చున్నట్టు ఉండేది. పిల్లి కూడా తొడుక్కుని, కళ్లు మూసుకుని, "వదినా, నీ చేతిలో ఏముందో" అనుకున్నదే. ఎలా ఆరుతున్నాయని ఒక్కరైనా అడిగారా? సుఖం వచ్చినప్పుడు దాని ఊరూ పేరూ ఎవరూ అడగరు.

ఆ సాయంత్రం ఇంట్లో వదిన బట్టలు మడతపెడుతుంటే పిల్లి ఎదురుగా కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చుంది.

"చెప్పి చావవే, నాకే తల తిరుగుతోంది" అంది వదిన.

"వదినా, కోట్లు గాలిగదిలో ఆరేయకు. ఆ తేమకే పొడి ఉండ కడుతోంది."

వదిన చేతిలో దుప్పటి ఆగింది. "కోటు ఎక్కడ, పొడి ఎక్కడ. మోకాలికీ బోడిగుండుకీ ముడిపెడతావా?"

"నేను చూశాను. తాడు మనదే."

"మనదే. నా తమ్ముడి ఇంటి తాడు, నేను తీసుకెళ్లాను. దొంగతనమా?" ఆమె దుప్పటిని ఒక్క లాగు లాగింది. "ఇన్నాళ్లకు ఆ ఫ్యాక్టరీలో నలుగురు నన్ను మెచ్చుకుంటున్నారే. గేటు దగ్గర పిలిచి మరీ చెబుతున్నారు. అది నీ కళ్లలో పడిందా? నీకు కుర్చీ ఇప్పించింది నా కోట్ల మీద పడటానికా?"

"నువ్వే వెతకమన్నావు కదా వదినా."

"నన్ను వెతకమన్నానా?"

గుమ్మంలో నిలబడ్డ మొగుడు ఇద్దరినీ చూసి, "మీ ఇద్దరి రోకలి దెబ్బల మధ్య నన్ను పెట్టకండి" అని చెప్పులేసుకుని బయటికి పోయాడు. వదిన ఆ దుప్పటిని మళ్లీ మళ్లీ మడతపెట్టి, దీపం ఆర్పేసి పడుకుంది.

పొద్దున గేటు లోపల కోటు తొడుక్కోగానే పిల్లికి తెలిసిపోయింది. కోటు వెచ్చగా ఉంది. ఎప్పుడూ హాయిగా అనిపించే ఆ వెచ్చదనం ఆ రోజు ఒళ్లంతా గుచ్చుకుంది. వదిన మాట వినలేదు. బయట వాన పడుతోంది. తెర ముందు కూర్చుంది. కాలు ఆగడం లేదు. టీ వేళ దాటింది. గీత తల ఎత్తింది.

నొక్కకపోతే ఎవరికీ తెలియదు. వదిన పేరు బయటికి రాదు, ఇంట్లో మాటలు మళ్లీ కలుస్తాయి, కోట్లు వెచ్చగా ఉంటాయి. ఆ డబ్బాలు ఎవరింటికి పోతాయో ఎవరికి తెలుసు. అదిగో, అక్కడే ఆమె ఆగిపోయింది. ఎవరింటికో పోతాయి. ఎవరో తల్లి చెంచాతో కొలిచి కలుపుతుంది. పిల్లి బొత్తం నొక్కింది.

గడియారం వచ్చాడు. మూత తెరిచారు, కెలికారు. పొడి దూదిలా జారింది. "ఇక పద, మూతల దగ్గరికి" అన్నాడాయన. తర్వాత ఎందుకో జాలిపడ్డట్టు, "ఒక్క కారణం చెప్పు. తేమ ఎక్కడి నుంచి వస్తుందంటావు?" అని అడిగాడు.

ఆ మాట అడిగేసరికి వదిన కోట్ల బండితో నడవా చివర ఆగి ఉంది. పిల్లి ఆమెను చూసింది, ఆమె పిల్లిని చూసింది. ఇద్దరూ కళ్లు తిప్పుకోలేదు.

"లైను మళ్లీ నడిపించండి. మీరు తెర చూస్తూ ఉండండి. నేను ఒకచోటికి వెళ్లొస్తాను" అంది పిల్లి.

"ఎంతసేపు?"

"గీత పడుకునేంతసేపు."

మెట్లు ఎలా దిగిందో ఆమెకే గుర్తులేదు. గాలిగదిలోకి వెళ్లి, కోట్లన్నీ చేతులకందినట్టు లాగి బయట పడేసింది. తాడు విప్పబోతే ముడి రాలేదు. వదిన ముడి ఎవరికి వస్తుంది. గోళ్లతో, పళ్లతో లాగుతూ అక్కడే నిలబడిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడయింది. ఆమె వెళ్లిన దారే పట్టుకుని గడియారం ముందు వచ్చాడు, వెనక ఇద్దరు ముగ్గురు. ఆయన మొహంలో కోపం లేదు, అయోమయం ఉంది.

"గీత దిగింది" అన్నాడు. కోట్ల కుప్పను చూశాడు. "ఎవరు ఆరేశారు ఇక్కడ?"

పిల్లి పళ్ల మధ్య నుంచి తాడు వదిలింది. "ఎక్కడుందో చెప్పడం నా పని. ఎవరో చెప్పడం నా పని కాదు."

"నేనే బాబూ" అంది వెనక నుంచి వదిన. బండి అక్కడే వదిలేసి వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. "ఆరబెట్టే యంత్రం పాడైందని మీకు చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. మీ ఒంటి మీదున్నదీ ఈ గదిలో ఆరిందే. పొద్దున తొడుక్కుని, భలే వెచ్చగా ఉందని మురిసిపోలేదూ మీరు?"

గడియారం చేయి తెలియకుండానే కాలరు మీదికి పోయింది. వెనకున్నవాళ్లు తమ కోట్ల వంక చూసుకున్నారు. వదిన ముందుకొచ్చి, మరదలి చేతిలోంచి తాడు లాక్కుని, ఒక్క వేలితో ముడి విప్పేసింది.

ఆ రోజు పొడినీ, వాన పట్టినప్పటి నుంచి నింపిన డబ్బాలనూ పక్కకు తీసేశారు. గాలిగదికి తాళం పడింది. పిల్లి కుర్చీ పిల్లికే ఉంది. వదిన ఉద్యోగం పోలేదు గానీ, బట్టల గదిలోంచి తీసి నేలలు తుడిచే పనిలో వేశారు. కొత్తగా వచ్చినవాళ్లు కోట్లు చెమ్మగానే ఇచ్చేవారు. అవి తొడుక్కున్న ప్రతివాడూ పిల్లిని ఒక తిట్టు తిట్టుకునేవాడు. ఆరబెట్టే యంత్రం బాగుచేసేవాడు వస్తున్నాడన్నారు, వస్తూనే ఉన్నాడు.

ఇంట్లో వదిన ఆమెతో మాట మానేసింది. అంత నోరున్న మనిషి మౌనం పడితే ఇల్లు భరించలేదు. పక్కపక్కన కూర్చుని కూడా "ఒరేయ్, మీ ఆవిడను ఆ ఉప్పు ఇటు జరపమను" అనేది. పిల్లి ఉప్పు జరిపేది. "అక్కా, జరిపింది" అనేవాడు మొగుడు. ఆమెను పట్టివ్వడం న్యాయమే, అది పిల్లికి తెలుసు. తెలిసినా, ఆ ఉప్పు తన కంచంలో వేసుకోవడం రోజూ మరిచిపోయేది.

ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. ఆమె కాలు ఊగడం మానేసింది. తాళం ఒక్కసారే వేసి వెళ్లిపోయేది. మొగుడు సంతోషించాడు, డాక్టరు మాట ఇన్నాళ్లకు ఫలించిందని. లోపల ఏం చచ్చిపోయిందో అతనికేం తెలుసు.

వాన వెలిసి ఎండ కాస్తున్న రోజు. తెరమీద గీత సన్నగా కదిలింది. పిల్లి చూసింది. చూస్తూనే కూర్చుంది. గీత ఇంకాస్త లేచింది. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది, రెండు కాళ్లూ నేలకు ఆనించి రాయిలా కూర్చుంది. పక్కన తడిగుడ్డ కర్రతో నేల తుడుస్తున్న చప్పుడు ఆగిపోయింది.

"ఏమే."

అన్ని రోజుల తర్వాత మొదటి మాట అది. పిల్లి తలెత్తింది.

"కాలు ఊపడం లేదేం? ఒంట్లో బాగాలేదా?" అంది వదిన.

"బాగానే ఉంది వదినా."

"మరి గీత లేస్తోంది, నా కంటికే కనిపిస్తోంది. నువ్వు లేవవేం?"

పిల్లి ఒళ్లోని చేతుల వంక చూసుకుంది. "పైపు పట్టుకుని వెళ్తే ఈసారి చివర ఎవరుంటారోనని" అంది.

వదిన కర్ర గోడకు ఆనించింది. చేతులు కొంగుకు తుడుచుకుని, దగ్గరికొచ్చి, మరదలి మోకాలి మీద ఒక్కటి చరిచింది, కాస్త గట్టిగానే. "ఎవరుంటే వాళ్లుంటారు. నన్ను పట్టించావు. ఇప్పుడు ఇంకొకళ్లను చూసీ చూడనట్టు వదిలేశావనుకో, ఈ ఫ్యాక్టరీలో తప్పు చేసింది నేనొక్కదాన్నే అవుతాను. అది మాత్రం నేను క్షమించను. లే."

పిల్లి కుడికాలు మెల్లగా ఊగడం మొదలుపెట్టింది. ఆమె లేచి, పైపు మీద అరచేయి ఆనించి, గబగబా నడిచింది.

"నిదానంగా పోవే" అంది వెనక నుంచి వదిన. "ఇప్పుడే తుడిచాను, నేల తడిగా ఉంది."